మద్యం పరీక్షకు నేనే నమూనానై చూసినవి

ఔషధాల్లో మిగిలిపోయే ద్రావకాల ఆనవాళ్లను కొలవడం నా వృత్తి. మాత్రల తయారీలో వాడిన మెథనాల్, ఎసిటోన్, ఐసోప్రొపనాల్ వంటివి తుది మందులో ఎంత మిగిలాయో చెప్పడానికి మేము వాడే హెడ్‌స్పేస్ గ్యాస్ క్రొమటోగ్రఫీ (సీలు వేసిన సీసాలో పైకి చేరిన ఆవిరిని విడదీసి కొలిచే పద్ధతి), తాగి వాహనం నడిపిన కేసుల్లో రక్తంలోని ఆల్కహాల్‌ను కొలవడానికి వాడే పద్ధతి దాదాపు ఒకటే. ఆ పరిచయం వల్లనే నన్ను ఒక శిక్షణ కార్యక్రమానికి పిలిచారు. శ్వాస పరీక్ష యంత్రాలను నడిపే సిబ్బందికి, రక్త నమూనాలను విశ్లేషించే రసాయనవేత్తలకు, ఆ నివేదికల మీద కోర్టులో వాదించే న్యాయవాదులకు కలిపి జరిపే శిక్షణ అది. అందులో కొందరు స్వచ్ఛందంగా, వైద్యుల పర్యవేక్షణలో, కొలిచి ఇచ్చిన మద్యం తాగుతారు. మిగిలినవారు వారి శ్వాసను, రక్తాన్ని విడతలవారీగా పరీక్షించి, వచ్చిన అంకెలతో చివరికి ఒక నమూనా విచారణ నడుపుతారు. విశ్లేషకుల వైపు కూర్చోవలసినదాన్ని, తాగేవారి వైపు కూర్చుంటానని అడిగి ఒప్పించుకున్నాను. అంకె ఎలా పుడుతుందో యంత్రం దగ్గర నిలబడి ఏళ్ల తరబడి చూసినదాన్ని గనుక, అది యంత్రం దాకా చేరేలోపు ఏమవుతుందో చూడాలనిపించింది.

మొదట కాగితాల పని నడిచింది. వాడుతున్న మందులు, కాలేయ వ్యాధి, మధుమేహం, గర్భం గురించి ప్రశ్నలు అడిగారు. రీడింగు సున్నాకు వచ్చేవరకు అక్కడే ఉంటామని, వెళ్లేటప్పుడు కూడా వాహనం నడపబోమని హామీ పత్రం రాయించుకున్నారు. తరువాత బరువు తూచి, మాటిమాటికీ సూది గుచ్చే పని లేకుండా మోచేతి మడతలోని సిరకు సన్నని గొట్టం అమర్చారు. మద్యం ముట్టకముందే ఒక శ్వాస పరీక్ష చేసి, ఒక రక్త నమూనా తీసుకున్నారు. రెండూ సున్నా చూపాలి, చూపాయి. ఈ ఖాళీ పరీక్షను చాలామంది లాంఛనం అనుకుంటారు గానీ, తరువాత వచ్చే అంకెలన్నిటికీ ఆధారం అదే. ఏమీ లేనిచోట ఏమీ లేదని చెప్పగలిగిన యంత్రమే, ఉన్నచోట ఇంత ఉందని చెప్పినప్పుడు నమ్మదగినది.

మొదటి ప్రయోగంలో గుటక వేయడం లేదు. కొద్దిగా స్పిరిట్‌ను నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసి, వెంటనే చేతిలో పట్టే యంత్రంలోకి ఊదమన్నారు. చట్టం అనుమతించే పరిమితిని ఎన్నో రెట్లు దాటిన అంకె వచ్చింది. నా రక్తంలో అప్పటికి ఆల్కహాల్ లేదు, ఆ అంకె పూర్తిగా నోటి తడి నుంచి వచ్చినదే. కొన్ని నిమిషాలకొకసారి ఊదుతూ పోతే అది వేగంగా దిగుతూ పావుగంట లోపలే సున్నాకు చేరింది. పరీక్షకు ముందు 15 నుంచి 20 నిమిషాల పాటు వ్యక్తిని కనిపెట్టి ఉండాలన్న నిబంధన ఇందుకే పుట్టింది. ఆ వ్యవధిలో తినకూడదు, తాగకూడదు, వాంతి కాకూడదు, త్రేన్పు వచ్చి కడుపులోనిది గొంతులోకి ఎగదన్నితే గడియారాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. పెద్ద యంత్రాలకు నోటి ఆల్కహాల్‌ను పసిగట్టే ఏర్పాటు ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే శ్వాసలో ఆల్కహాల్ మెల్లగా పెరిగి ఒక స్థాయిలో నిలుస్తుంది, నోటి నుంచి వచ్చినదైతే ఒక్కసారిగా ఎగిసి పడిపోతుంది, ఆ వంపును చూసి యంత్రం పరీక్షను రద్దు చేస్తుంది. అయితే రక్తంలోనూ ఆల్కహాల్ ఉండి, నోట్లోనూ కొంత ఉంటే ఒక వంపు మరొక వంపును కప్పేయవచ్చు. అందువల్ల మనిషి కన్నుకు ప్రత్యామ్నాయం లేదు. నన్ను కనిపెట్టవలసిన శిక్షణార్థి తన ఫారం నింపుకోవడంలో తలమునకలై ఉండగా శిక్షకుడు వచ్చి, గడియారాన్ని తిరిగి మొదలుపెట్టించాడు. రిజిస్టరులో మాత్రం ఇద్దరు ఆపరేటర్లూ, శ్రద్ధగా చూసినవాడూ చూడనివాడూ, ఒకే వాక్యం రాస్తారు: ‘15 నిమిషాలు గమనించాను.’

తరువాత అసలు మోతాదు ఇచ్చారు. అది 30 గ్రాముల శుద్ధ ఆల్కహాల్‌కు సమానం, పండ్ల రసంలో కలిపి ఇచ్చారు, అరగంటలో ముగించాలి. ఎంత తాగితే రక్తంలో ఎంత చేరుతుందో అంచనా వేయడానికి స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1932 నాటికి స్థిరపరచిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నారు. కొద్దిపాటి రక్తంతో ఆల్కహాల్‌ను కొలిచే పద్ధతిని 1922లో రూపొందించినదీ ఆయనే. తాగిన గ్రాములను శరీర బరువుతోను, ఒక గుణకంతోను భాగించడమే ఆ సూత్రం. గుణకం పురుషులకు సగటున 0.68, స్త్రీలకు 0.55. ఆల్కహాల్ శరీరంలోని నీటిలో కలుస్తుంది గానీ కొవ్వులోకి పెద్దగా వెళ్లదు, స్త్రీల శరీరంలో నీటి పాలు సగటున తక్కువ కావడంతో అదే మోతాదు వారి రక్తంలో ఎక్కువ గాఢతకు చేరుతుంది. శరీరం ఏమీ ఖర్చు చేయలేదనుకుని నా బరువుకు లెక్కిస్తే 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 95 మిల్లీగ్రాములు ఉండాలి, అదే బరువున్న పురుషుడికైతే 77 చాలు. ఇకపై చెప్పే అంకెలన్నీ ఈ కొలమానంలోనివే. పోల్చి చూసుకోవడానికి చెబుతున్నాను: చట్టం అనుమతించే పరిమితి భారతదేశంలో 30, స్కాట్లండ్‌లో 50, ఇంగ్లండ్‌లో 80.

తాగడం ముగిసిన కొద్దిసేపటికి, నోటి ఆల్కహాల్ పోయేదాకా ఆగి, ఒకే నిమిషంలో శ్వాసను, రక్తాన్ని తీసుకున్నారు. శ్వాస యంత్రం 62 చూపింది. అదే క్షణపు రక్తం 54 అని తరువాత ప్రయోగశాల తేల్చింది. యంత్రం తప్పు కొలిచిందని అనుకోవడానికి లేదు. కడుపు నుంచి, పేగుల నుంచి ఆల్కహాల్ ఇంకా రక్తంలోకి ఎక్కుతున్న దశలో ధమనుల రక్తంలో అది ఎక్కువగాను, చేతి కండరాల గుండా వెళ్లి, అక్కడి నీటికి కొంత ఇచ్చివచ్చిన సిరల రక్తంలో తక్కువగాను ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి వెలువడే గాలి ధమనుల వైపు స్థితిని ప్రతిబింబిస్తుంది. మెదడుకు చేరేదీ ధమనుల రక్తమే గనుక, ఆ దశలో మత్తు ఎంత ఉందన్న ప్రశ్నకు శ్వాస అంకె దగ్గర సమాధానమేనని వాదించవచ్చు. చట్టం మాత్రం చాలాచోట్ల సిర నుంచి తీసిన రక్తాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. తేడా అక్కడ పడుతుంది.

ఆ తరువాత పరిస్థితి తిరగబడింది. నా రక్తంలో ఆల్కహాల్ 81 వద్ద శిఖరానికి చేరి దిగడం మొదలైన కొంతసేపటికి తీసిన నమూనాలో రక్తం 73 ఉండగా శ్వాస 66 చూపింది. దీనికి కారణం యంత్రంలో బిగించిన ఒక సంఖ్య. 1803 నాటి హెన్రీ నియమం ప్రకారం, ఒక ఉష్ణోగ్రత వద్ద ద్రవంలో కరిగిన ఆవిరి పదార్థానికి, దాని పైనున్న గాలిలోని అదే పదార్థానికి మధ్య ఒక స్థిర నిష్పత్తి ఉంటుంది. వెలువడే శ్వాస ఉష్ణోగ్రత 34 డిగ్రీల సెల్సియస్ అనుకుని, ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్నంత ఆల్కహాల్ 2100 మిల్లీలీటర్ల శ్వాసలో ఉంటుందని చాలా యంత్రాలు లెక్కిస్తాయి. నా శరీరంలో ఆ సమయానికి నిష్పత్తి 2300 దాటింది. ఇది నా ఒక్కరి ప్రత్యేకత కాదు, ఆల్కహాల్ పూర్తిగా ఇంకిన తరువాత సగటు మనిషి నిష్పత్తి 2300కు దగ్గరలోనే ఉంటుందని తెలిసినదే. బ్రిటన్ చట్టంలో 100 మిల్లీలీటర్ల శ్వాసకు 35 మైక్రోగ్రాములు, రక్తంలో 80 మిల్లీగ్రాములు అన్న జంట పరిమితులను భాగించి చూస్తే ఆ 2300 కనిపిస్తుంది. కనుక 2100 వాడినప్పుడు దిగే దశలోని వ్యక్తికి సాధారణంగా మేలే జరుగుతుంది, ఎక్కే దశలోని వ్యక్తికి నష్టం జరగవచ్చు. నిందితుడు ఏ దశలో ఉన్నాడో ఒకే ఒక్క శ్వాస నుంచి ఎవరూ చెప్పలేరు. అందుకే అనేక దేశాలు ఈ మార్పిడినే పక్కనపెట్టి, శ్వాసలో ఇంత ఉంటే నేరం అని నేరుగా శ్వాసకే పరిమితి రాసుకున్నాయి. వ్యక్తికి వ్యక్తికి నిష్పత్తి మారుతుందన్న వాదానికి అక్కడ చోటు లేదు. శాస్త్రీయమైన చిక్కును చట్టం నిర్వచనంతో దాటేసిన సందర్భమిది. నాకది అన్యాయంగా తోచలేదు గానీ, చిక్కు మాయమైందని కూడా అనలేను.

ఊదే తీరు కూడా అంకెను కదిలిస్తుందని మాట వరసకు చెప్పి వదిలేయకుండా చేయించి చూపారు. మామూలుగా ఊదితే 66 వచ్చిన ఆ సమయంలోనే, అర నిమిషం ఊపిరి బిగపట్టి ఊదితే 75 వచ్చింది. కాసేపు వేగంగా గాలి పీల్చి వదిలి ఊదితే 59కి దిగింది. ఊపిరి బిగపడితే లోపలి గాలి వెచ్చబడి, శ్వాసనాళాల తడితో సమతుల్యం ఎక్కువగా కుదురుతుంది, వేగంగా పీల్చితే నాళాలు చల్లబడతాయి. సాక్ష్యానికి వాడే యంత్రాలు కనీస పరిమాణం, కనీస వేగం కోరతాయి గనుక చిన్నగా ఊది తప్పించుకోవడం కుదరదు, అయితే ఊదేముందు ఊపిరి ఎంతసేపు బిగపట్టాడో యంత్రానికి తెలియదు. ఇక్కడే రెండు శ్వాసలు తీసుకోవాలన్న నియమానికి బలం వస్తుంది. రెండు రీడింగుల మధ్య తేడా 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాములకు సమానమైన హద్దును మించితే ఆ పరీక్షను అంగీకరించకూడదన్నది విస్తృతంగా పాటించే ప్రమాణం. ఒక్క శ్వాసతో ముగించిన పరీక్షను, ఎంత ఖరీదైన యంత్రంతో చేసినా, నేను ప్రాథమిక పరీక్షగానే చూస్తాను.

క్యాలిబ్రేషన్ గది, అంటే యంత్రం సరిగా కొలుస్తోందో సరిచూసే గది, చూపించినప్పుడు నాకు సొంత ప్రయోగశాలకు వచ్చినట్టయింది. గాఢత తెలిసిన ఆల్కహాల్ ద్రావణాన్ని 34 డిగ్రీల వద్ద వెచ్చగా ఉంచి, దాని గుండా గాలి పంపి, ఆ గాలిని యంత్రానికి నమూనా శ్వాసగా ఇస్తారు. ద్రావణం ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తప్పితే ఆవిరిలోని ఆల్కహాల్ సుమారు 6.5 శాతం మారుతుంది. కాబట్టి అక్కడి థర్మామీటరు ఏ ప్రమాణంతో సరిచూసినది అన్న ప్రశ్న చాదస్తం అనిపించుకోదు. అమెరికాలోని న్యూజెర్సీలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2008లో ఒక శ్వాస యంత్రాన్ని, దాని సాఫ్ట్‌వేర్‌ను కూడా నిపుణులతో పరిశీలింపజేసి, కొన్ని షరతులతో నమ్మదగినదని అంగీకరించింది. కొన్నేళ్ల తరువాత, జాతీయ ప్రమాణానికి అనుసంధానించిన థర్మామీటరుతో ఉష్ణోగ్రతను సరిచూసే దశను ఒక సమన్వయకర్త వదిలేసినట్టు బయటపడింది. అలా క్యాలిబ్రేట్ చేసిన యంత్రాల ఫలితాలు సాక్ష్యంగా చెల్లవని 2018లో అదే కోర్టు తీర్పు చెప్పింది, 20 వేలకు పైగా పరీక్షలు ప్రశ్నార్థకమయ్యాయి. సాఫ్ట్‌వేర్ గీటురాయి మీద నిలిచిన యంత్రం ఒక థర్మామీటరు దగ్గర ఆగిపోయింది.

యంత్రాల లోపలి సంగతి కొంత వేగంగానే చెప్పారు. పాత యంత్రాల్లో, 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టీన్ రూపొందించిన బ్రీత్ ఎనలైజర్‌లో, పొటాషియం డైక్రోమేట్ పసుపు రంగు ఎంత తగ్గిందో చూసి ఆల్కహాల్‌ను లెక్కించేవారు. ఇప్పటి చేతి యంత్రాల్లో ప్లాటినం పూత ఉన్న ఫ్యూయల్ సెల్ ఉంటుంది. ఆల్కహాల్ అక్కడ ఎసిటిక్ ఆమ్లంగా మారుతూ విడుదల చేసే విద్యుత్తే కొలత. బల్ల మీద ఉండే యంత్రాలు ఎక్కువగా పరారుణ కిరణాలను వాడతాయి. ఆల్కహాల్ అణువు 3.4, 9.5 మైక్రోమీటర్ల దగ్గర ఆ కిరణాలను పీల్చుకుంటుంది. మధుమేహం అదుపు తప్పినవారి, కఠినంగా ఉపవాసం చేసేవారి శ్వాసలో ఎసిటోన్ ఉంటుంది, అది యంత్రాన్ని మోసం చేయదా అని న్యాయవాదులు అడిగారు. ఎసిటోన్ 3.4 ప్రాంతంలో పీల్చుకుంటుంది గానీ, ఒకటికి మించిన తరంగదైర్ఘ్యాల వద్ద పోల్చే యంత్రాలు దాన్ని వేరుచేసి హెచ్చరిస్తాయి, ఫ్యూయల్ సెల్ దానికి స్పందించదు. అయితే శరీరం ఎసిటోన్‌లో కొంత భాగాన్ని ఐసోప్రొపనాల్‌గా మార్చగలదు, దానికి ఫ్యూయల్ సెల్ స్పందిస్తుంది. అరుదైన సందర్భమే అయినా, రక్త పరీక్షతో తేల్చుకునే హక్కు నిందితుడికి ఎందుకు ఉండాలో చెప్పడానికి అది చాలు.

రక్తం తీసిన పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోర్టుల్లో రక్త పరీక్షను తిరుగులేనిదిగా భావించే అలవాటు ఉంది. చర్మాన్ని స్పిరిట్‌తో తుడవలేదు, అయొడిన్ ద్రావణంతో తుడిచారు. స్పిరిట్‌తో తుడిచినా సరిగ్గా తీసిన నమూనాలో కలిసేది స్వల్పమే, అయినా ఆ అనుమానానికి తావివ్వకపోవడం సులభం. బూడిదరంగు మూత ఉన్న గొట్టాలు వాడారు. 10 మిల్లీలీటర్ల గొట్టంలో 100 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, 20 మిల్లీగ్రాముల పొటాషియం ఆక్సలేట్ ముందే ఉంటాయి. ఆక్సలేట్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, ఫ్లోరైడ్ సూక్ష్మజీవులను, ఎంజైములను అణచి ఉంచుతుంది. రక్తం నిండగానే నర్సు గొట్టాన్ని మెల్లగా పలుమార్లు తలకిందులు చేసింది. ఈ ఒక్క పని మరిచిపోతే పొడి అడుగునే ఉండిపోయి రక్తం గడ్డకడుతుంది, ఫ్లోరైడ్ చేరని చోట ఈస్టు వంటివి చక్కెరను పులియబెట్టి కొత్తగా ఆల్కహాల్ పుట్టించే అవకాశం కూడా ఉంటుంది. నిజానికి బతికున్న మనిషి నుంచి శుభ్రంగా తీసి, చల్లగా దాచిన నమూనాలో కాలం గడిచేకొద్దీ ఆల్కహాల్ తగ్గడమే ఎక్కువగా కనిపిస్తుంది. గొట్టం మీద సీలు, సమయం, సంతకం, ఫ్రిజ్ ఉష్ణోగ్రత, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే రిజిస్టరు, ఇవన్నీ సరిగా ఉంటే తరువాతి వాదనల్లో సగం అక్కడే ముగిసిపోతాయి.

అదే సమయంలో ఇంకొక గొట్టంలోనూ రక్తం తీసి, దాన్ని ఆసుపత్రి పద్ధతిలో పరీక్షింపజేశారు. కార్యక్రమం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ భాగమే. ఆసుపత్రి ల్యాబు రక్తాన్ని తిప్పి కణాలను వేరుచేసి, పైన తేలిన సీరంలో కొలుస్తుంది. కణాలకన్నా సీరంలో నీరు ఎక్కువ, ఆల్కహాల్ నీటి వెంట పోతుంది, అందువల్ల సీరం అంకె మొత్తం రక్తపు అంకెకన్నా సాధారణంగా 12 నుంచి 18 శాతం ఎక్కువ వస్తుంది. నా మొత్తం రక్తంలో 73 ఉన్న నమూనాకు సీరంలో 84 వచ్చింది. పరిమితి 80 ఉన్న చోట మొదటి కాగితం నన్ను విడిచిపెడుతుంది, రెండోది శిక్షిస్తుంది, రెండు ల్యాబులూ తమ పనిని సరిగ్గానే చేశాయి. పైగా ఆసుపత్రి పరీక్ష ఎంజైముతో నడుస్తుంది. ఆల్కహాల్ మారుతున్నప్పుడు ఏర్పడే ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థం 340 నానోమీటర్ల వద్ద కాంతిని ఎంత పీల్చుకుందో అది చూస్తుంది. తీవ్రంగా గాయపడినవారి రక్తంలో లాక్టేట్, దానికి సంబంధించిన ఎంజైము బాగా పెరిగి ఉంటే ఆల్కహాల్ లేకపోయినా కొంత ఎన్‌ఏడీహెచ్ ఏర్పడవచ్చు. ఆసుపత్రికి ఆ అంకె చికిత్స కోసం కావాలి, ఆ పనికి అది సరిపోతుంది. ప్రమాదాల కేసుల్లో ఆసుపత్రి కాగితమే సాక్ష్యంగా వచ్చినప్పుడు, అది సీరమా, మొత్తం రక్తమా అని అడగకుండా ఏ తీర్పూ రాయకూడదన్నది నా అభిప్రాయం. మూత్ర పరీక్ష మూత్రాశయంలో గంటల తరబడి నిల్వ ఉన్నదాని సగటును చెబుతుంది గనుక దాని గురించి అక్కడ పెద్దగా చర్చ జరగలేదు.

ప్రయోగశాలలో నా రక్తాన్ని నేనే దూరం నుంచి చూశాను, ముట్టుకోనివ్వలేదు. గొట్టాలకు సంకేత సంఖ్యలు మాత్రమే ఉన్నాయి. రక్తాన్ని ఎన్-ప్రొపనాల్ కలిపిన ద్రావణంతో పలుచన చేసి, చిన్న సీసాల్లో సీలు వేసి, వేడి చేసి, పైకి చేరిన ఆవిరిని యంత్రంలోకి పంపారు. ఎన్-ప్రొపనాల్ ఇంటర్నల్ స్టాండర్డ్. ప్రతి సీసాలోనూ ఒకే మోతాదు ఉంటుంది గనుక, పంపిన ఆవిరి కొద్దిగా అటూఇటూ అయినా, గ్రాఫులో ఆల్కహాల్ పీకుకు (శిఖరానికి) దాని పీకుతో ఉండే నిష్పత్తి మారదు. ఆవిరి రెండుగా చీలి, స్వభావంలో తేడా ఉన్న రెండు కాలమ్‌ల (పదార్థాలను విడదీసే సన్నని గొట్టాల) గుండా వెళ్తుంది. ఒక కాలమ్‌లో ఆల్కహాల్‌తో కలిసి వచ్చే పదార్థం ఏదైనా ఉంటే రెండో దానిలో విడిపోతుంది. ఒక్క కాలమ్‌తో వచ్చిన సమయాన్ని బట్టి ఇది ఆల్కహాలే అని చెప్పడం మా వృత్తిలో కూడా బలహీనమైన మాటే. ఒకే నమూనా నుంచి విడివిడిగా తయారుచేసిన రెండు సీసాల్లో 72.6, 73.4 వచ్చాయి. వరుసలో నా సీసాలకు ముందూ వెనుకా ఖాళీ సీసా, గాఢత తెలిసిన సీసా ఉన్నాయి. వాటి గ్రాఫులు చూడకుండా నా గ్రాఫు ఒక్కటే చూసి సంతృప్తి పడే విశ్లేషకుడిని నేను ఉద్యోగంలోకి తీసుకోను.

నమూనా విచారణలో ఈ సీసాను తయారుచేసిన విశ్లేషకురాలినే బోనులోకి పిలిచారు. అది నాటకీయత కోసం చేసినది కాదు. అమెరికా సుప్రీంకోర్టు 2011లో, న్యూమెక్సికోకు చెందిన బుల్‌కమింగ్ కేసులో, రక్త ఆల్కహాల్ నివేదిక మీద సంతకం చేసినవారి బదులు ఆ పరీక్షను చేయని, చూడని వేరొక విశ్లేషకుడితో సాక్ష్యం చెప్పించడం చెల్లదని నిర్ణయించింది. యంత్రం చెప్పినదాన్ని ఎవరైనా చదివి వినిపించవచ్చు. సీలు సరిగా ఉందా, గొట్టం మీది సంఖ్య సీసా మీదకు సరిగా వచ్చిందా, రక్తంలో గడ్డలు కనిపించాయా అన్నవి చేసినవారే చెప్పగలరు. అనిశ్చితి గురించి కూడా ప్రశ్నలు వచ్చాయి. 73 అంటే సరిగ్గా 73 అనుకోరాదు, దాని చుట్టూ ఒక వ్యాప్తి ఉంటుంది. బ్రిటన్ ప్రయోగశాలలు 100 లోపు ఫలితాల్లో సగటు నుంచి 6 మిల్లీగ్రాములు తీసివేసి, మిగిలినదానికన్నా తక్కువ కాదని రాస్తాయి. ఆ లెక్కన నా నివేదిక 67 అవుతుంది. అనుమానపు లాభాన్ని ల్యాబే ముందుగా ఇచ్చేయడం నాకు నచ్చింది.

అసలు ఘర్షణ కాలం దగ్గర వచ్చింది. వాహనం నడిపిన సమయం ఒకటి, రక్తం తీసిన సమయం మరొకటి. ప్రాసిక్యూషన్ తరఫున నిలిచినవారు, నేను రక్తం ఇవ్వడానికి గంటంపావు ముందు వాహనం నడిపినట్టు కల్పించి, అప్పటికి ఎంత ఉండేదో వెనక్కి లెక్కించమన్నారు. శరీరం గంటకు 10 నుంచి 25 మిల్లీగ్రాముల దాకా ఖర్చు చేస్తుందని తీసుకుంటే, 73కు అది కలుపుతూ వెనక్కి వెళ్తే 85 నుంచి 104 వరకు వస్తుంది. పరిమితి 80 అయితే నేను నిస్సందేహంగా దోషిని. లెక్క శుద్ధంగా ఉంది, గదిలో చాలామంది తలలూపారు. అప్పుడు శిక్షకుడు ఆ సమయానికి నిజంగా తీసిన నమూనా కాగితాన్ని బయటపెట్టాడు. అందులో ఉన్నది 54, అంటే నేను ఇంకా ఎక్కే దశలో ఉన్నప్పటి అంకె. వెనక్కి లెక్కించడం చెల్లాలంటే వాహనం నడిపిన సమయానికే శిఖరం దాటి ఉండాలి, చివరి గుటక తరువాత శిఖరం చేరడానికి అర గంట పట్టవచ్చు, కడుపులో ఆహారం ఉంటే రెండు గంటలు కూడా పట్టవచ్చు. దీనికి రెండో ముఖం కూడా ఉంది. శిఖరం ఎప్పుడో దాటినవారి రక్తాన్ని కొన్ని గంటలు ఆలస్యంగా తీస్తే, ఆలస్యమైన ప్రతి గంటా వారికే కలిసివస్తుంది.

నమూనా న్యాయమూర్తిగా కూర్చున్నవారు మరొక సంగతి గుర్తుచేశారు. పరిమితి 30 ఉన్న చోట ఆ సాయంత్రం మోతాదు తాగాక నా మీద తీసిన అంకెల్లో ఏదీ నన్ను కాపాడదు, 54 కూడా కాపాడదు. మేమంతా గంటల తరబడి వాదించినది పరిమితికి ఇటూఅటూ పదిహేను, ఇరవై మిల్లీగ్రాముల అంచులో నిలిచిన మనిషి గురించే. 180 దగ్గర పట్టుబడినవాడికి నిష్పత్తులు, సీరం, ఊపిరి బిగపట్టడం ఏవీ ఒడ్డు చేర్చవు, అతడి తరఫు న్యాయవాది సీలు గురించి, రిజిస్టరు గురించి అడగడమే మేలు. పైగా పరిమితి కన్నా ఎంతో ముందే డ్రైవింగు చెడుతుంది. 54 దగ్గర ఉన్నప్పుడు నాకు నేను మామూలుగానే ఉన్నాననిపించింది గానీ, గీత మీద నడిపించి, కదిలే చుక్కను కళ్లతో అనుసరించమన్న పరీక్షలో నా కళ్లు తడబడినట్టు వైద్యుడు రాశాడు.

మా బృందం తుది నివేదికలో వెనక్కి లెక్క వేయలేదు. నమూనా తీసిన గంట, నిమిషం, కొలిచినది మొత్తం రక్తం, రెండు కాలమ్‌ల మీద, రెండు సీసాల్లో వచ్చిన ఫలితం, అనిశ్చితి, వాహనం నడిపిన సమయానికి సంబంధించిన అంచనాకు తగిన సమాచారం లేదు అన్న వాక్యం, ఇంతవరకే రాశాము. ఆ సమాచారం ఉండవలసిన చోటు రక్త నమూనా ఫారమే. శిక్షణలో వాడిన కొత్త ఫారంలో ‘మొదటి గుటక సమయం’, ‘చివరి గుటక సమయం’, ‘ఆహారం తీసుకున్న సమయం’, ‘నమూనా తీసిన సమయం’ అని నాలుగు గడులు పక్కపక్కనే పెట్టారు. మొదటి మూడింటిలో ఏది ఖాళీగా ఉన్నా వెనక్కి లెక్కించరాదని అడుగున ముద్రించారు.